ఎడమ పక్కే తెగిన కుట్టు

సాగే గుడ్డ ఏది చేతికొచ్చినా నేను ముందు కత్తెర తీయను. రెండు చేతులా పట్టుకుని అడ్డంగా ఒకసారి లాగి వదులుతాను. ఎంత సాగింది, ఎంత తొందరగా వెనక్కి వచ్చింది, అసలు మొత్తం వచ్చిందా లేదా అని చూస్తాను. మా వరండాలో కూర్చున్న వాళ్లు నవ్వేవాళ్లు, "గుడ్డతోని ఆటలా వసంతక్కా?" అని. ఆటే అనుకోండి. మోకాళ్లు మిషన్ తొక్కనివ్వక పని మానేశాను గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు. మొన్న కొత్తగూడెం బస్సులో పక్క సీటు అమ్మాయి టాపు అంచు లేచి ఉంటే, చెయ్యి దానంతటదే పోయింది. ఆ పిల్ల చూసే లోపే వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయిలు కొందరు మా ఇంటికి వస్తున్నారు. జాకెట్టు గురించి అడగరు, అది వాళ్లకు సెంటర్లో నేర్పుతున్నారు. "టాపు పొట్టి చేస్తే అంచు అలలు అలలుగా వస్తోంది ఆంటీ, తొడుక్కోగానే కుట్టు పటపటమంటోంది" అని అడుగుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని జాకెట్లు కుట్టానో, పండగలప్పుడు ఎంత రద్దీ ఉండేదో రాయను. అవి అందరికీ ఒకటే. ఒక మనిషి తెచ్చిన రెండు టాపుల సంగతి రాస్తాను. బనీను గుడ్డ గురించి నాకు తెలిసిందంతా ఆ రెండింటి దగ్గరే తెలిసింది.

ఆది జాకెట్టు

మా ఆయనది బొగ్గు గనిలో పని. మణుగూరులో క్వార్టర్ ఇచ్చారు. వరండాలో నల్ల మిషన్ వేసుకుని కూర్చునేదాన్ని. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు. రెండు వేల సంవత్సరం దాటాక సంతలో కొత్త సరుకు రావడం మొదలైంది. టార్పాలిన్ పరిచి టీషర్టులు, ఆడవాళ్ల టాపులు రాశి పోసేవాళ్లు. ఎక్కడి కంపెనీలోనో మిగిలిపోయిన మాల్ అనేవాళ్లు. ఎవరి ఒళ్లు చూసి కుట్టారో గానీ, మనవాళ్లు వేసుకుంటే చేతులు వేళ్ల దాకా, అంచు మోకాళ్ల దాకా ఉండేది. గుడ్డ మాత్రం మెత్తగా ఉండేది. కొనుక్కుని నేరుగా నా దగ్గరికి వచ్చి "జర పొట్టి చెయ్యి అక్కా" అనేవాళ్లు.

మా వైపు టేపు పెట్టి కొలతలు తీసుకోవడం తక్కువ. సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి కవర్లో పెట్టి పంపుతారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాని పొడవు, దాని చేతులు, దాని మెడ. ఆ మనిషి రానవసరం లేదు. మొగుడు తేవచ్చు, పక్కింటామె తేవచ్చు. నేను ఏళ్ల తరబడి కుట్టిపెట్టిన ఆడవాళ్లలో కొందరి ముఖం కూడా నాకు తెలియదు. వాళ్ల భుజం వెడల్పు మాత్రం తెలుసు. ఇంకో పద్ధతి కూడా ఉంది. లోపల మడతలో గుడ్డ ఎక్కువ వదలాలి, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. మిగిలిన ముక్కలు కవర్లో వేసి తిరిగి ఇచ్చెయ్యాలి. ముక్క ఇవ్వని టైలరుకు మళ్లీ గుడ్డ ఇవ్వరు.

ఈ పద్ధతులన్నీ చీర జాకెట్టుకు బంగారం లాంటివి. బనీను గుడ్డకు ఇవి పనికొస్తాయా అని నేను ఆలోచించనే లేదు.

రాజయ్య తెచ్చిన కవరు

ఒకరోజు రాజయ్య అనే ఆయన వచ్చాడు. మా పక్క లైనులో ఉంటాడు, మా ఆయనకు తెలిసిన మనిషే. కవర్లో రెండు టాపులు, ఒకటి నల్లది, ఒకటి ముదురాకుపచ్చ. వాటితో పాటు ఒక ఆది జాకెట్టు.

"గీ జాకెట్టంత పొడుగు ఉంచి కింద కుట్టెయ్యాలె చెల్లె" అన్నాడు.

"ఎవరికన్నా?"

"మా ఆమెకు. భాగ్యకు. చీర మీదికి."

టీషర్టు చీర మీదికా అని నేను ముఖం పెట్టి ఉంటాను. ఆయన మెట్టు మీద కూర్చుని చెప్పాడు. భాగ్యమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కాలు కొంచెం తిరిగింది గానీ చెయ్యి తిరగలేదు. లాస్టిక్ లంగా వేసుకుని, గోడకు ఆనుకుని చీర ఒంటిచేత్తో ఎట్లాగో చుట్టుకుంటుంది. జాకెట్టు హుక్కులే పడవు. రోజూ తనే పెడుతున్నాడు.

"నా ఏళ్లు జూడు. గీటితోని హుక్కులా! ఒకటి ఇడిచి ఒకటి పెడ్త. ఆమె తిడ్తది."

"పక్కింటోళ్లను పిలవరాదా?"

"పిలువదు. చావనన్న చస్త గని పిలువనంటది."

అసలు సమస్య సంతది. బస్టాండు వెనక సంతలో భాగ్యమ్మకు ఒక జాగా ఉంది. అడవి ఊళ్ల నుంచి కోయ ఆడవాళ్లు తెచ్చే చింతపండు, చీపుర్లు పొద్దున్నే కొని అక్కడే కూర్చుని అమ్మేది. జబ్బు పడ్డాక కొన్ని వారాలు పోలేదు. పక్కన ఎండుచేపలు అమ్మే ఆమె వారానికి ఇంత చొప్పున గంప ఆ జాగాలోకి జరుపుకుంటూ వస్తోంది. రాజయ్యకు మామూలు షిఫ్టు ఉన్న వారం హుక్కులు పెట్టి పంపగలడు. నైట్ షిఫ్టు వారం ఆయన ఇల్లు చేరేసరికి సంతలో జాగాలన్నీ నిండిపోతాయి. నైటీ మీద పొమ్మంటే ఆమె పోదు.

"హుక్కుల్లేకుండ తల మీదికెళ్లి తొడుక్కునేది ఉంటే ఎవ్వలతోని పనిలేదన్నది. వచ్చే నైట్ షిఫ్టు వరకన్న కావాలె చెల్లె. జాగ పోతే ఇగ ఆమె మంచం దిగదు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. రేపే ఇస్తానన్నాను.

ఎందుకు ఎప్పుడూ అటే

నల్లదాన్ని ఆది జాకెట్టు పొడవుకు కత్తిరించాను. కత్తిరించిన ముక్క గొట్టంలా చుట్టుకుపోయింది. అంచు కూడా పైకి చుట్టుకుంటోంది. దాన్ని గోరుతో అణిచి, పద్ధతి ప్రకారం వెడల్పుగా రెండు మడతలు వేసి, చిన్న చిన్న కుట్లతో గట్టిగా కుట్టాను. ఇస్త్రీ చేస్తే అందంగానే ఉంది.

ఇచ్చిన మర్నాడే రాజయ్య తిరిగి వచ్చాడు. "ఏసుకోంగనే పటపటమన్నది చెల్లె."

చూస్తే ఎడమ పక్క, సైడు కుట్టుకు దగ్గరలో జానెడు మేర దారం తెగి ఉంది. తిన్నగా పోయే కుట్టు సాగదు, గుడ్డ సాగుతుంది. గుడ్డ సాగినప్పుడు దారం తెగుతుంది. ఇది ఇప్పుడు సెంటర్లో మొదటి వారమే చెప్తారట, నాకప్పుడు చెప్పినవాళ్లు లేరు. కుట్టు మొదలుపెట్టి ముగించేది అక్కడే కాబట్టి ముడి ఊడిందనుకున్నాను. మళ్లీ డబుల్ కుట్టు వేసి ఇచ్చాను.

మళ్లీ తెగింది. మళ్లీ ఎడమ పక్కే.

ఈసారి నాకు కోపం కంటే వింత ఎక్కువైంది. మొత్తం విప్పేసి, మొదలూ చివరా కుడి పక్కకు వచ్చేలా కుట్టాను. ముడి వల్లే అయితే ఇప్పుడు కుడి పక్క తెగాలి కదా. రాజయ్య ఎప్పుడు వస్తాడా అని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే తెగాలనే కోరుకున్నాను, ఎటు తెగుతుందో చూద్దామని. తెగింది. ఎడమ పక్కే. వండుతున్న కూర మాడబెట్టుకుంటూ ఆ అంచునే తిప్పి తిప్పి చూశాను. మా ఆయన "దాంట్ల ఏమన్న బంగారం దొరికిందా?" అన్నాడు.

రహీం మాస్టర్

బజార్లో రహీం మాస్టర్ దుకాణం ఉండేది. పెళ్లైన కొత్తలో నేను ఆయన దగ్గరే చేతికుట్టు పని చేశాను. నాకున్న ఒకే ఒక్క బాస్ ఆయన. కోపిష్టి. కుట్టు వంకర పోతే మాట్లాడకుండా విప్పి ఒళ్లో పడేసేవాడు. ఆ మౌనం తిట్టు కంటే ఘోరం. కానీ సూదీ గుడ్డా ఎక్కడ పోట్లాడుకుంటున్నాయో మిషన్ చప్పుడు విని చెప్పేవాడు.

టాపు చూడగానే, "సూది ఏది పెట్టినవ్?" అన్నాడు.

"ఎప్పటిదే."

"అందుకే. గీ గుడ్డ నేసింది గాదు, అల్లింది. మొన వాడిగ ఉన్న సూది పోగును కోస్తది. మొన గుండ్రంగ ఉండాలె, పోగును పక్కకు జరిపి పోవాలె." డబ్బాలోంచి అలాంటి సూది తీసి ఇచ్చాడు. పికో చేసే మిషన్ మీద వంకర టింకర కుట్టు వేసి చూపించాడు. వంకరగా ఉంది కాబట్టి లాగితే దారం తిన్నగా అవుతుంది, తెగదు. నేను కుడుతున్నప్పుడు వెనక నుంచి గుడ్డ లాగుతుంటే చేతి మీద స్కేలుతో కొట్టాడు, ఆ వయసులో! "జల్దీ ఏమున్నది? దాన్ని లాగకు. లాగితే సాగినకాడనే కుట్టు పడ్తది, అంచు అలలు లేస్తది." గుడ్డ కింద పాత పేపరు పట్టీ పెట్టి కుట్టించి, తర్వాత పేపరు చింపేయించాడు. అంచు నీళ్లు కదలని చెరువులా చదునుగా వచ్చింది. అమ్మాయిలూ, ఈ పేరా ఒకటికి రెండుసార్లు చదవండి. మీ అలలకు మందు ఇదే.

"కని మాస్టర్, ఎప్పుడు ఎడమ దిక్కే ఎందుకు తెగుతున్నది?" అన్నాను.

"మనకెందుకది? గుడ్డ సంగతి మనది, ఒంటి సంగతి వాళ్లది." అని తన పనిలో పడిపోయాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆ ఒక్క మాట మాత్రం తప్పు. ఆయనకు గుడ్డ గురించి తెలియనిది లేదు, దాన్ని తొడుక్కునే మనిషి మీద ఆయనకు ఏ ఆసక్తీ లేదు. మంచి పనివాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నల్ల టాపు రాజయ్యకు ఇచ్చి పంపాను. నాలుగు రోజులు కబురు లేదు. గెలిచాననుకున్నాను. తర్వాత రాజయ్య మెల్లగా వచ్చి కవరు నా ముందు పెట్టాడు. దారం తెగలేదు. ఈసారి కుట్టు పక్కనే గుడ్డ చిరిగింది. ఎడమ పక్క.

"ఆమె ఇగ వద్దంటున్నది. ఆకుపచ్చది కొయ్యకు, వాపస్ తీస్కరమ్మన్నది." మెట్టు దిగబోతూ, "సోమవారం నుంచి నాకు నైట్ షిఫ్టు" అన్నాడు.

తలుపు చెక్క

ఆకుపచ్చ టాపు, సూది, దారం, నల్లదాంట్లో మిగిలిన ముక్కలు సంచిలో వేసుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. భాగ్యమ్మ నైటీలో మంచం మీద కూర్చుని కుడిచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. నాకంటే పెద్దది. కళ్లు మాత్రం చురుకు.

"టాపు ఇయ్యనీకె నువ్వే వచ్చినవా?" అంది.

"ఇయ్యడానికి కాదు భాగ్యక్కా. నువ్వు ఎట్లా తొడుక్కుంటావో చూద్దామని వచ్చా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఏంది, సర్కస్ అనుకున్నవా నన్ను?"

తప్పుగా అన్నానని అర్థమైంది. రాజయ్య గుమ్మంలో కాళ్లు మార్చుకుంటున్నాడు. ఉన్నదే చెప్పాను. "నాలుగుసార్లు కుట్టిన, నాలుగు తీర్ల కుట్టిన. ప్రతిసారి ఎడమ పక్కే పోయింది. ఎందుకో తెలవక కూర మాడబెట్టిన, మాస్టర్ తోని దెబ్బలు తిన్న. నువ్వు చూపియ్యకుంటే నాకు పిచ్చి పడ్తది."

భాగ్యమ్మ చేతిలో గింజ పక్కన పడేసింది. తర్వాత నవ్వింది. "గంత పట్టిందా నీకు? సరే." రాజయ్య వైపు తిరిగి, "నువ్వు బయటికి నడువు" అంది.

చిరిగిన నల్ల టాపే తీసుకుంది. మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్లో పరిచి, చచ్చుపడిన చేతిని కుడిచేత్తో ఎత్తి ఎడమ చేతి గొట్టంలోకి నెట్టింది. భుజం దాకా లాక్కుంది. తల దూర్చింది. కుడి చెయ్యి దానంతటదే దూరిపోయింది. ఇంతవరకు నేననుకున్నట్టే ఉంది. అప్పుడు చూశాను. టాపంతా చంకల కింద తాడులా చుట్టుకుపోయి ఆగిపోయింది. ముందు భాగం కుడిచేత్తో లాక్కుంది. వెనక భాగం అందదు. లేచి తలుపు చెక్కకు వీపు ఆనించి పైకీ కిందికీ రాసింది, గుడ్డ దిగడానికి. ఎడమ పక్క మాత్రం ఎంత రాసినా దిగదు, ఆ చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి. కుడిచేతిని ఒంటికి అడ్డంగా పోనిచ్చి, ఎడమ అంచును రెండు వేళ్లతో పట్టుకుని, పళ్లు బిగించి ఒక్క గుంజు గుంజింది. చిరుగు ఇంకా పెద్దదైంది.

"గిదీ నా సంగతి" అంది రొప్పుతూ.

రోజూ ఇంత యుద్ధం. ఒంటి బలమంతా ఆ రెండు వేళ్ల మధ్య నా కుట్టు మీదే పడుతోంది. ఏ సూది పెడితే మాత్రం ఆగుతుంది!

ఇంకొకటి కూడా కనిపించింది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. నేను కొలత తీసుకున్న ఆది జాకెట్టు జబ్బుకు ముందుది. అది వేరే భాగ్యమ్మది. కొలతలు ఇచ్చిన మనిషి ఇప్పుడు లేదు, ఉన్న మనిషిని నేను అడగలేదు.

ఆకుపచ్చ టాపు కత్తిరించకుండానే తొడిగించాను. కుడి చెయ్యి పైకెత్తమన్నాను, సంతలో తూకానికి తరాజు పట్టినట్టు. నాలుగడుగులు నడిపించి, అది ఎంత పైకి పాకుతుందో చూసి, ఒంటి మీదే చాక్ గీత పెట్టాను. చెయ్యెత్తే కుడి పక్క గీత కిందికి వచ్చింది. ఆది జాకెట్టు కంటే బెత్తెడు పొడుగు. విప్పాక గీత వెంట కోసి, ఒకే ఒక్క మడత వేశాను. లోపల గుడ్డ వదలలేదు. ఎక్కువ మడతలుంటే అంచు బిగిసిపోతుంది, సాగే గుడ్డను విప్పుకునే అవసరమూ రాదు. చేత్తోనే కుట్టాను, కుట్టు మీద కుట్టు దాటుకుంటూ ఇంటూ గుర్తుల్లా, దారాన్ని కొంచెం వదులుగా ఉంచుతూ. లాగి చూస్తే గుడ్డతో పాటే సాగి, గుడ్డతో పాటే వెనక్కి వచ్చింది.

మరి ఆ గుంజుడు? సంచిలో నల్ల ముక్క ఉంది, కస్టమర్‌కు తిరిగి ఇవ్వాల్సిన ముక్క. దాంట్లోంచి పట్టీ కోసి లాగితే తాడులా చుట్టుకుంది. దాన్ని ఉంగరంలా మడిచి ఎడమ పక్క లోపలి వైపు పెట్టాను. అంచుకు కుట్టలేదు, పైన సైడు కుట్టులోకి నాలుగు వేళ్ల ఎత్తు వరకు పట్టించాను. ఇప్పుడు లాగితే బరువు సైడు కుట్టు మీద పడుతుంది, అంచు మీద కాదు.

"బొటనవేలు దీంట్ల దూర్చి లాగు అక్కా."

భాగ్యమ్మ టాపు మళ్లీ తొడుక్కుని, అది చంకల కింద ఆగిపోగానే వేలు దూర్చి గుంజింది. ఎడమ పక్క సర్రున దిగింది. నమ్మకం కుదరక ఇంకోసారి గుంజింది. చప్పుడు లేదు. కుట్టు తెగిన చప్పుడు కోసం మేమిద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం.

బయట నుంచి రాజయ్య, "రావాల్నా, చెయ్యి పెట్టాల్నా?" అన్నాడు.

"అక్కర్లే" అంది భాగ్యమ్మ. ఆ మాట మళ్లీ ఒకసారి అంది, తనకోసం అన్నట్టు.

అమ్మాయిలకు

కొత్త టాపు కోసే ముందు ఒకసారి ఉతికించండి, కుంచించుకునేది అప్పుడే కుంచించుకుంటుంది. తడిది తాడు మీద వేలాడేయకండి, సాగుతుంది. మొన గుండ్రటి సూది, వంకర కుట్టు, కింద పేపరు. ఇవన్నీ చేతికి అలవాటు అవుతాయి. ఆది జాకెట్టు తీసుకోండి, కానీ అది ఎప్పటిదని అడగండి. ఒకే కుట్టు ఒకేచోట రెండోసారి తెగితే మూడోసారి కుట్టకండి. లేచి ఆ ఇంటికి వెళ్లండి. వాళ్లు మొదట తిడతారు, తిట్టనివ్వండి.

సంత

ఆ వారం సంతరోజు నాకు చింతపండు అవసరం లేదు. అయినా తెల్లవారగానే వెళ్లాను. భాగ్యమ్మ తన జాగాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఎర్రచీర, ఆకుపచ్చ టాపు. ఎండుచేపల ఆమె ముఖం ముడుచుకుని గంపను ఎప్పటిచోటికి జరుపుకుంటోంది. తరాజు ఒంటిచేత్తో పట్టుకుంటే చింతపండు వేసేదెవరు? అందుకని కొనేవాళ్ల చేతికే తరాజు ఇచ్చి పట్టుకోమంటోంది. వాళ్లు నవ్వుకుంటూ పట్టుకుంటున్నారు.

నేను నా వంతు తరాజు పట్టుకుని ఉండగా రాజయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. గని నుంచి ఇంటికి పోయి, తాళం చూసి, అటు నుంచి అటే వచ్చినట్టున్నాడు. కనురెప్పల మీద బొగ్గు అలాగే ఉంది. భాగ్యమ్మ ముందు నిలబడి ఆమె భుజం వైపు, మెడ వైపు, ఎక్కడన్నా సర్దాల్సింది ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు. ముందుకు చాచిన చేతులు మెల్లగా కిందికి దించాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

భాగ్యమ్మ తలెత్తి చూసింది. నా చేతిలోంచి తరాజు తీసుకుని ఆయన వైపు చాపింది.

"చేతులు ఖాళీగనే ఉన్నయి గదా" అంది, "పట్టు."